ఆపరేషన్ అర్జినైన్

నార్కట్‌పల్లి చౌరస్తాలో ఆగిన లారీ క్యాబిన్‌లో గూఢచారి విభాగం చీఫ్ బ్రీఫింగ్ ముగించాడు.

"టార్గెట్ దేవరకొండ వైద్య క్యాంపు. మొదటి ఇంజెక్షన్ పడేలోపు విషం సీసాలు దొరకాలి."

ఏజెంట్ ఖుద్దూస్ తలూపాడు.

అది 1993 ఎండాకాలం. దేవరకొండలో మన శాస్త్రవేత్తలు అర్జినైన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒకరకం గుండెజబ్బు రోగులపై పరీక్షిస్తున్నారు. వాళ్లకు గుండెలోని పెద్ద రక్తనాళాలు శుభ్రంగానే ఉంటాయి. వెంట్రుకల్లాంటి సన్న నాళాలే బిగుసుకుపోతాయి. అర్జినైన్ అందితే ఆ నాళాల గోడలు ఒక వాయువును పుట్టిస్తాయి, దానితో నాళాలు సడలి రక్తం పారుతుందని ఆశ. అది ఫలిస్తే ఒక విదేశీ ముఠా అమ్మే ఖరీదైన మందుకు గిరాకీ పోతుంది. అందుకే ముఠా కొన్ని సీసాల్లో నాళాలను బిగించే విషం నింపింది. రోగులు చస్తే పరీక్ష ఆగిపోతుంది.

ముఠా కొరియర్ ఖమర్. చలువ కళ్లద్దాలు, షిఫాన్ చీర, నడిస్తే తలలు తిరిగే అందం. ఆమె మన డబుల్ ఏజెంట్ అన్న సంగతి ముఠాకు తెలియదు.

ఖుద్దూస్ ఫ్రిజ్ మెకానిక్ వేషంలో క్యాంపులో దిగాడు. స్క్రూడ్రైవర్ పిడిలో వైర్‌లెస్ రిసీవర్ ఉంది. వరండాలో ఖమర్ గోడకు ఆనుకుని, ఛాతీ పట్టుకుని నిలబడి ఉంది.

"కొత్తకోట బస్సు పోయిందా?" అది కోడ్.

"టైరు పంచరైంది," అందామె, ఊపిరి కూడదీసుకుంటూ.

తనదీ అదే జబ్బని, గుండె ఫొటోల్లో పెద్ద నాళాలు శుభ్రంగా కనబడితే డాక్టర్లు భ్రమని పంపేశారని చెప్పింది. ఈ పని వదిలి ముందు వైద్యం చేయించుకోమన్నాడు ఖుద్దూస్.

"పనైనంక ఈ పరీక్షకు నేను గూడ పేరు రాయించుకుంట, భాయ్. విషం సీసాల గుర్తు ముఠా నాయకునికే ఎరుక. జర అడిగొస్త."

మధ్యాహ్నం ఖుద్దూస్ ఫ్రిజ్ బాగుచేస్తున్న గదిలోనే మొదటి రోగి, గొర్రెల కాపరి బక్కమ్మ చేతికి దూదితో స్పిరిట్ రాస్తున్నారు. అప్పుడే రిసీవర్‌లో, ఖమర్ గాజులో దాచిన మైకు నుంచి ఆమె గొంతు పలికింది. ముఠాకు అనుమానమొచ్చి వెంటపడితే, ఖమర్ ఊరి పక్క గుట్టమీది ఖిల్లా మెట్లెక్కి పరుగెడుతోంది.

"మూత కింద... ఎర్రగీత ఉంటది. గవి విషం." ఊపిరి తెగిపోతోంది. "గుండె పిండుతాంది, భాయ్."

ఆమె దగ్గరికి పరుగెత్తాలని మనసు లాగింది. కానీ సూది బక్కమ్మ చర్మాన్ని తాకుతోంది. ఖుద్దూస్ దూకి డాక్టరు మణికట్టు పట్టుకున్నాడు. సీసా మూత తిప్పి చూస్తే ఎర్రగీత.

ఖుద్దూస్ పంపిన కబురుతో పోలీసులు ముఠాను పట్టుకున్నారు. ఖుద్దూస్ ఖిల్లా చేరేసరికి ఖమర్ రాతికి ఆనుకుని కూర్చునే ఉంది. ఒంటిమీద గాయం లేదు, ఊపిరీ లేదు. ఆమె కళ్లు మూసి, కొంగు ముఖంమీద కప్పాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్‌లో మెచ్చుకున్నాడు. ఖమర్ పేరు ఎక్కడా రానీయొద్దని, రికార్డుల ప్రకారం ఆమె మన దగ్గర ఎప్పుడూ పనిచేయలేదని చెప్పాడు.

"మనవాళ్లెవరూ పోలేదు కదా?"

"లేదు సార్," అన్నాడు ఖుద్దూస్. "పోయింది ఎప్పుడూ లేని మనిషే. రేపు ఖబరస్తాన్‌లో జాగా మాత్రం ఒకటి కావాలి."