ముందు విందు, తర్వాత కొలత

2087 నాటికి కాలేజీ పిల్లలకు పరీక్ష అంటే ఏమిటో తెలియదు. హాల్ టికెట్లు, చిట్టీలు, చూచిరాతలు ముత్తాతలు చెప్పే కబుర్లలో వినడమే. కోనసీమలోని ఆ ప్రభుత్వ కళాశాలలో విద్యార్థులు ఏడాది మొదట ఒకసారి, చివర ఒకసారి ఒక కమాను కిందుగా నడిచి వెళ్తారు. అంతే, పరీక్ష అయిపోయినట్టు.

ఆ కమాను పేరు ఎరుకమాపకం. ఒక విషయం నిజంగా అర్థమైతే మెదడులో నాడీకణాల మధ్య కొత్త దారి పడుతుంది. బట్టీ పట్టినదానికి పడే దారి వేరు. కమానులోని సెన్సర్లు ఆ దారుల్లో పారే సూక్ష్మ విద్యుత్తును చదివి, ఎవరికి ఏ విషయంలో ఎంత ఎరుక ఉందో చెబుతాయి. మొదటి కొలతకూ చివరి కొలతకూ ఉన్న తేడాయే వృద్ధి. అన్నిటికన్నా తక్కువ వృద్ధి చూపిన శాఖను మూసెయ్యాలని ఉన్నత విద్యా మండలి నియమం.

ఈ కొలతలన్నిటికీ సమన్వయకర్త వృక్షశాస్త్ర శాఖాధిపతి కోమలవల్లి. ఎవరూ ఒప్పుకోని పని కాబట్టి ఆమెకు వచ్చింది. మొదటి కొలత రోజున పొద్దున్నే పూజ ముగించుకుని వచ్చి శాఖ శాఖకూ తిరగసాగింది. "జరిగిపోయిందేదో జరిగిపోయింది, చరిత్రలో వృద్ధి ఏమిటండీ?" అన్నారు చరిత్రవాళ్లు. లెక్కలవాళ్లయితే ముందు ఆ యంత్రాన్ని తమ లెక్కల్లో పాసవమన్నారు. తల పట్టుకుని అర్థశాస్త్ర శాఖకు వెళ్లేసరికి నేతి వాసన గుప్పుమంది. అరిటాకుల ముందు పిల్లలు బారులు తీరి కూర్చున్నారు. పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు. శాఖాధిపతి గంగరాజు పంచె ఎగ్గట్టి స్వయంగా వడ్డిస్తున్నాడు.

"ఏవండీ గంగరాజుగారూ, పిల్లల్ని కొలతకి తీసుకురమ్మంటే పెళ్లి చేసేస్తున్నారేంటండీ?"

"ఖాళీ కడుపుతో పంపితే పాపం కదండీ. ఒరే, ఇంకో బూరె వేసుకోరా, మొహమాటపడకు. మీరూ కూర్చోండి మేడమ్, మీకూ ఓ ఆకు వేయిస్తాను."

"నాకు పనుందండీ."

"ఆయ్, మీకెప్పుడూ పనేనండి."

ఆ పిల్లలు ఆవలిస్తూ, ఒకరి భుజం మీద ఒకరు వాలుతూ కమాను దాటారు. సంగతి గ్రహించిన భౌతికశాస్త్రంవాళ్లు అప్పటికప్పుడు బిర్యానీ తెప్పించారు. చరిత్రవాళ్లు పెరుగన్నంతో సరిపెట్టారు. కోమలవల్లి శిష్యులు మాత్రం తోటలో మొక్కలకు నీళ్లు పోసి, తడి కాళ్లతోనే హుషారుగా వచ్చారు. వాళ్లలో చాలామంది కొబ్బరి రైతుల పిల్లలు. ఆకు చూసి తెగులు చెప్పగలరు. కొలత పెద్దదే వచ్చింది. ఆమె మురిసిపోయింది.

ఆ మురిపెమే ఏడాది చివర శిక్ష అయింది. చివరి కొలతకు అన్ని శాఖలవాళ్లూ పిల్లలకు తలంటి పోయించి, కాఫీ తాగించి, తెల్లారేసరికి వరసలో నిలబెట్టారు. అర్థశాస్త్రం వృద్ధి ఆకాశాన్నంటింది. మొదటి కొలతే పెద్దదైన వృక్షశాస్త్రం అట్టడుగున ఉంది.

"ఒక్కపూట భోజనానికి వెనకాడారు మేడమ్, శాఖే పోతోంది చూడండి," అన్నాడు గంగరాజు. ఆమె శిష్యులు పక్కనే నిలబడి విన్నారు. తర్వాత దగ్గరి దారిన, కమాను కిందుగానే తోటకు వెళ్లిపోయారు.

కోమలవల్లి గబగబా కొలతల గదిలోకి వెళ్లి కమానును నిలదీసింది.

"మొదటి రోజు పిల్లలు భుక్తాయాసంతో తూగుతున్నారని నీకు తెలియలేదా?"

"తెలిసిందమ్మా," అంది ఎరుకమాపకం. "కడుపు నిండితే మెదడులో విద్యుత్తు మందగిస్తుంది. దారి ఉన్నా కొలతకు సరిగా అందదు."

"మరి చెప్పలేదేం?"

"వృద్ధి ఒక్కటే చెప్పమన్నారమ్మా. భోజనం సంగతి ఎవరూ అడగలేదు."

ఆమె ప్రిన్సిపాల్ సోమయాజులు గారిని పిలుచుకొచ్చింది. అంతా విని ఆయన నీరుగారిపోయారు. మొదటి కొలతలు మళ్లీ తీయడం కుదరదు. "పోనీ, ఈ ఏడాది మన పిల్లలు నిజంగా నేర్చుకున్నదేమైనా ఉందా? పాఠాల సంగతి వదిలేసి చెప్పు," అన్నారు యంత్రంతో.

"ఉందండి. అన్ని శాఖల్లోనూ పెరిగిన ఎరుక ఒకటుంది. కొలతను ఎలా వంచాలో అందరికీ బాగా వచ్చింది. వృక్షశాస్త్రంవాళ్లకు అందరికన్నా ఎక్కువగా వచ్చింది."

కోమలవల్లి నిర్ఘాంతపోయింది. "నేను ఒక్కనాడూ నేర్పలేదే."

"చూసి నేర్చుకున్నారమ్మా. కొలతను వంచనందుకు మీకేమైందో వాళ్లు కళ్లారా చూశారు. ఇందాక తోటకు వెళ్తూ నా కిందుగా దాటినప్పుడు తెలిసింది."

సోమయాజులు గారి మొహం మెల్లగా విప్పారింది. "శాఖలన్నీ ఉమ్మడిగా నేర్పిందేమిటని మండలివాళ్లు ఏటా అడుగుతుంటారు కదండీ. మనం ఏటా నీళ్లు నములుతాం. దీనికి 'సమయస్ఫూర్తి' అని పేరు పెట్టి పంపేద్దాం. అందులో మొదటి స్థానం మీ శాఖదే. ఇక ఎవరు మూసేస్తారు చెప్పండి? సమన్వయకర్తగా మీ వేలిముద్ర ఒక్కటి చాలు."

"అది అబద్ధం కదండీ."

"యంత్రం చెప్పిందేగా, అబద్ధమేంటండీ? పేరొక్కటే మనం మార్చాం. శాఖ మూసేసి మీ పిల్లల్ని కామర్స్‌లో కూర్చోబెడితే ఆ తోట ఎవరు చూస్తారు?"

ఆమె మనసులో ఇష్టదైవాన్ని తలుచుకుంది. ఏమని అడగాలో తెలియలేదు. శాఖను కాపాడమని అడిగితే స్వామి కాదంటాడా? ఇలా కాపాడుకుంటే ఔనంటాడా? కిటికీలోంచి చూస్తే పిల్లలు ఎప్పటిలాగే మొక్కలకు నీళ్లు పోస్తున్నారు.

తెర మీద బొటనవేలు ఆనించింది. సోమయాజులు గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

ఎవరితోనూ మాట్లాడాలనిపించక ఆమె దగ్గరి దారిన, కమాను కిందుగా బయటికి నడిచింది. వెనక నుంచి ఎరుకమాపకం, పిల్లలకు చెప్పే గొంతుతోనే చెప్పింది.

"అభినందనలమ్మా. మీలోనూ వృద్ధి కనిపిస్తోంది."