కార్గో కుడికన్ను

మా కుక్క కన్ను వాలిపోవడానికి కారణం నేనేనని ఆ డాక్టరమ్మ రెండు నిమిషాల్లో తేల్చేసింది.

"దీన్ని మెడకు గొలుసేసి కట్టేస్తరా?"

"కట్టెయ్యకపోతే రోడ్డు మీద పోయే ప్రతి బుల్లెట్ బండి ఎనక ఉరుకుతది మేడం."

"కట్టేస్తే ఉరకదా?"

"ఉరుకుతది. గొలుసు అయిపోయేదాక ఉరికి ఆగుతది."

"మెడతోని ఆగుతది," అంది ఆమె, కుక్క మెడ మీద బెల్టు ఒరుసుకుపోయిన చోట వేలు పెట్టి. "రోజుకు ఎన్నిసార్లు?"

నేను లెక్కపెట్టలేదు. ఎవరు లెక్కపెడతారండీ? పైగా శంషాబాద్ బస్టాండు వెనక క్లినిక్‌లో, పిల్లులు పట్టుకుని కూర్చున్న పదిమంది ముందు నన్ను దోషిని చేసి నిలబెట్టింది. నాకు ఒళ్లు మండింది. కానీ కార్గో మొహం చూసి తమాయించుకున్నాను. కుడిరెప్ప సగానికి దిగిపోయింది. కంటి మూల నుంచి గులాబీ రంగు పొర ఒకటి పైకి పాకింది. ఎడమకన్ను మామూలుగా మెరుస్తోంది. మా పాల్మాకులలో ఆడపిల్లలంతా మీ కుక్క మమ్మల్ని చూసి కన్ను కొడుతోందని రెండు రోజులుగా నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నా పేరు కరుణ్. ఎయిర్‌పోర్టు కార్గోలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. రెండేళ్ల కిందట గేటు బయట ఖాళీ పెట్టెల కింద వానకు ముడుచుకున్న కుక్కపిల్లను ఇంటికి తెచ్చి, దొరికిన చోటు పేరే పెట్టాను. అమ్మ ప్రేమమ్మ, నేను, కార్గో. అంతే మా ఇల్లు.

డాక్టరమ్మ టార్చి వేసి రెండు కళ్లూ చూసి, కుడికంట్లో ఒక చుక్క మందు వేసింది. "ఇరవై నిమిషాలు ఆగాలె. కూసోండ్రి."

ఆ ఇరవై నిమిషాల్లో మందుల చీటీ వెనక ఒక గీత గీసి చూపించింది. "దీన్ని హార్నర్స్ సిండ్రోమ్ అంటరు. తలకాయ నుంచి కంటికి నాలుగు వేళ్ల దూరమే గానీ, రెప్పను ఎత్తి పట్టే నరం సీదా రాదు. వెన్నులకెంచి కిందికి దిగుతది. ఛాతిల గుండె పక్కకెంచి మలుపు తిరుగుతది. మళ్ల మెడలకెంచి మీదికెక్కి, చెవి లోపలికెంచి కంటికొస్తది. ఈ తొవ్వల యాడ దెబ్బ తాకినా కన్ను వాలిపోతది."

"పాల్మాకులల దిగాల్సినోడు బస్సుల నిద్రపోయి షాద్‌నగర్ దాక పోయి తిరిగొచ్చినట్టు," అన్నాను.

ఆమె తల ఎత్తింది. "మాది షాద్‌నగరే. మా ఊరు మీకు నిద్రపోతే వచ్చే ఊరా?"

కోపమో వేళాకోళమో తెలియలేదు. పెదవి చివర మాత్రం కొంచెం కదిలింది. నా పని అయిపోయింది అక్కడే. ఆ తర్వాత ఆమె చెప్పిన జాగ్రత్తల్లో సగం నాకు ఎక్కలేదు.

ఇరవై నిమిషాలకు కార్గో కన్ను తెరుచుకుంది! ఎగిరి గంతేయబోయాను.

"సంబరపడకుండ్రి. గంటల మళ్ల వాలుతది. గిది పరీక్షే, మందు కాదు. దెబ్బ మెడ దగ్గర్నే ఉన్నట్టుంది. ఏడెనిమిది వారాలల్ల దానంతటదే తగ్గొచ్చు."

"మరి మందు?"

"లేదు. ఆగుడే మందు."

మెడబెల్టు తీసేసి ఛాతీకి వేసే పట్టీ కొనమంది. పదిహేను రోజులకోసారి తెమ్మంది. ప్రతి ఆదివారం పొద్దున ఒకే చోట, ఒకే వెలుగులో, ఫ్లాష్ లేకుండా కళ్లు ఫోటో తీసి పంపమంది. జబ్బు కంట్లో పాప చిన్నగా ఉంటుందట, ఫ్లాష్ వేస్తే రెండు పాపలూ ముడుచుకుపోయి తేడా తెలియదట. నంబరు తనే చెప్పింది. డాక్టర్ షెకీనా అని సేవ్ చేసుకున్నాను.

ఇక ఆదివారం వస్తే మా ఇంట్లో గడప దగ్గర యుద్ధం. కార్గో ఒక్క క్షణం నిలబడదు. అమ్మ చర్చి చీర కట్టుకుని, బైబిల్ చంకలో పెట్టుకుని అరుస్తుంది. "అరేయ్, ప్రార్థన మొదలైతుంది! దాని పెండ్లి ఫోటోలు తర్వాత తీద్దువు గానీ!"

నేను ఫోటో పంపితే అటు నుంచి ఒక ముక్క వచ్చేది. "కొంచెం నయం." "ఇంకా అట్లనే ఉంది." ఆ రెండు మాటలు వారమంతా చదువుకునేవాణ్ణి. చదవడానికి అందులో ఏముందో అడక్కండి.

మూడోసారి వెళ్లిన రోజు వాన దంచేస్తోంది. కరెంటు పోయింది. క్లినిక్‌లో ఆమె, సత్తయ్య తప్ప ఎవరూ లేరు. సత్తయ్య అక్కడ ఇరవై ఏళ్లుగా కట్లు కడుతూ, కుక్కల్ని పట్టుకునే మనిషి. షెకీనా అరచేతిని కార్గో కంటి దగ్గరకు చటుక్కున తెచ్చి ఆపింది. కార్గో రెప్ప వేసింది.

"చూపు మంచిగున్నదో లేదో గిట్ల తెలుస్తది. చూపు లేనిది రెప్ప వెయ్యదు," అంటూ అదే చెయ్యి నా కళ్ల ముందుకు తెచ్చింది.

నేను రెప్ప వెయ్యలేదు.

"ఏంది, కనబడ్తలేదా?"

"అంతా కనబడ్తుంది మేడం."

ఆమె చెయ్యి కిందికి దించేసి, కిటికీ బయట వాన వైపు చూసింది. సత్తయ్య దగ్గాడు. ఆ సత్తయ్య దగ్గును నేను ఈనాటికీ క్షమించలేదు.

ఆ రోజే, బయల్దేరబోతుంటే చెప్పింది. "చెన్నైల పీజీ సీటొచ్చింది. జంతువుల నరాలు, కండ్లు, గదే చదువు. వచ్చే బుధవారం పోతున్న. ఈ ఆదివారం ఫోటోల కండ్లు రెండు ఒక్క తీరుగ ఉంటే ఇగ తేవలసిన పని లేదు. లేకుంటే మంగళవారం ఒకసారి తెండి."

ఆదివారం గడపలో కూర్చుని చూశాను. కార్గో కళ్లు రెండూ గుండ్రంగా, నల్లగా, నిండుగా నన్నే చూస్తున్నాయి. గులాబీ పొర జాడ లేదు.

"స్తోత్రం! దేవుడు విన్నడు," అంది అమ్మ.

నాకు ఏడుపొచ్చింది. ఈ ఫోటో పంపితే మంగళవారం లేదు. మంగళవారం లేకపోతే ఆమెకు చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోతుంది. ఫోనులో వెనక్కి జరిపి, మూడో వారం తీసిన ఫోటో పంపాను. మంగళవారం తీసుకెళ్లి, రాత్రికి రాత్రి తగ్గిందని చెప్పి, మనసులో మాట కూడా చెప్పేద్దామని నా ప్లాను. ఎంత తెలివో చూడండి.

సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. గొంతు మారిపోయింది.

"మూడో వారం ఎట్లుండెనో గట్లనే ఉంది. నాకు మంచిగనిపిస్తలేదు. ఛాతిల గడ్డ ఏమన్న ఉండి నరాన్ని ఒత్తుతుందేమో. బుధవారం రాజేంద్రనగర్ పశువుల కాలేజీల ఎక్స్‌రే తీపిద్దాం. మా సారుతోని మాట్లాడిన. నేను కూడ వస్త."

బుధవారం! రోజంతా ఆమెతో! గడ్డ అన్న మాట నా బుర్రలోకి ఎక్కనే లేదు. బుధవారమే ఆమె ప్రయాణం కదా అన్నది కూడా.

సోమవారం సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే బస్టాండు దగ్గర సత్తయ్య ఎదురుపడ్డాడు.

"ఏం కుక్క తమ్మీ నీది! మేడం టికెట్ క్యాన్సిల్ చేసింది దాని కోసం. కాలేజీల చేరనీకి గురువారం ఆఖరు తారీకంట. సీటు పోతే వచ్చే యేడు చూస్కుంట అన్నది. వాళ్ల బాపు ప్రేమదాసు పొద్దట్నుంచి ఫోన్‌ల మొత్తుకుంటుండు."

నా కాళ్ల కింద బస్టాండు కదిలింది.

మంగళవారం పొద్దున క్లినిక్ తలుపులు తీయకముందే కార్గోతో వెళ్లి నిలబడ్డాను. షెకీనా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. టార్చి వేసింది. ఒకసారి, రెండోసారి. తర్వాత అక్కడే నేల మీద కూర్చుండిపోయి కార్గోను కావలించుకుంది.

"తెరిచినవా బంగారం! ఎంత పరేషాన్ చేసినవే!"

ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. నా అబద్ధం పండింది. నోరు మూసుకుంటే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. అంతలో ఆమె కళ్లు తుడుచుకుని, "అయినా రెండు దినాలల్ల గిట్ల తగ్గుడు నేను వినలే. ఎక్స్‌రే మాత్రం ఆపొద్దు," అంది.

"ఎక్స్‌రే వద్దు మేడం. ఆదివారమే తగ్గింది. నేను పాత ఫోటో పంపిన."

"ఎందుకు?"

"మంచిగైతే మీరు రావద్దంటరని. ఇంకొక్కసారి చూద్దామని."

ఆమె లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"రెండు రాత్రులు నిద్రపోలే నేను. దానికి నోరు లేదు కరుణ్. దాని గురించి నువ్వు చెప్పేదే నాకు దాని మాట. గా మాటనే అబద్ధం చేసినవ్. రేపు నిజంగ దానికేమన్న అయితే నేనెట్ల నమ్మాలె?"

మొదటిసారి నువ్వు అంది. పిలుపు దక్కిన రోజే మనిషి దక్కకుండా పోయింది.

"సారీ మేడం. టికెట్ మళ్ల..."

"నా టికెట్ సంగతి నీకెందుకు? నువ్వు పో ఇగ."

బుధవారం పొద్దున నేను డ్యూటీలోనే ఉన్నాను. ఫోర్క్‌లిఫ్ట్ మీద నుంచి నేను చూస్తుండగానే చెన్నై విమానం లేచింది. అందులోనే ఉందో లేదో కూడా నాకు తెలియదు. అది చుక్కయ్యేదాకా చూశాను. వెనక సూపర్‌వైజర్ హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఆ ఆదివారం మళ్లీ గడపలో కూర్చున్నాను. ఫ్లాష్ లేకుండా ఫోటో తీశాను. కింద ఒక్క అక్షరం రాయకుండా పంపాను. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా అంతే. ఆ తర్వాతిది కూడా. క్షమించమని అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు పంపడం ఒక్కటే నా చేతిలో ఉంది, అది చేశాను.

అమ్మకు అర్థమైపోయింది. అరవడం మానేసి, నేను తీసేదాకా గుమ్మంలో నిలబడేది. "చూసిందా బిడ్డా?" అని అడిగేది.

"చూసిందమ్మా."

"చూస్తుంది కదా. నడువ్, చర్చికి పోదాం."

ఒక ఆదివారం కార్గో ఎడమకన్ను ఎర్రగా ఉంది. దుమ్ము పడినట్టుంది. అలాగే పంపాను. రోజంతా ఫోను చేతిలో పట్టుకుని తిరిగాను. ఏమీ రాలేదు. సాయంత్రం మాత్రం సత్తయ్య బండి మీద మా ఇంటి ముందు దిగాడు. చేతిలో చుక్కల మందు సీసా.

"చెన్నై నుంచి ఫోనొచ్చింది తమ్మీ. రోజుకు మూడుసార్లు ఎయ్యాలంట."

"ఇంకేమన్నదన్నా?"

"ఏమనలే. ఇయ్యాలనే ఇచ్చి రమ్మన్నది."

ఆ సీసా అయిపోయాక కూడా పారెయ్యలేదు. ఇప్పటికీ అలమారులో ఉంది.

ఇరవై ఆరు ఆదివారాలు గడిచాయి. ఇరవై ఏడోది డబుల్ డ్యూటీ. ఫోను లాకర్లో. తెల్లారి ఇంటికొచ్చి పడుకున్నానో లేదో మోగింది. పేరు చూసి మంచం మీద నుంచి కింద పడ్డాను.

"నిన్న ఫోటో ఏది?" అంది.

"డబుల్ డ్యూటీ మేడం. తియ్యలే."

"కార్గో?"

"మంచిగుంది. నిజంగ."

"నిన్న పొద్దట్నుంచి ఎన్నిసార్లు చూసిననో ఫోను," అని, నేను నోరు తెరిచేలోగా పెట్టేసింది.

ఆ వారం ఎలా గడిచిందో కార్గోను అడగాలి.

ఆదివారం గడపలో కూర్చుని దాని మొహం నా వైపు తిప్పుకుంటున్నాను. అది వినకుండా గేటు వైపే చూస్తూ తోక ఊపుతోంది. "జర ఇటు చూడవే!" అని విసుక్కున్నాను.

"అటు కాదు, ఆ మూలకు పోవాలె. వెలుగు తక్కువుంది," అంది గేటు దగ్గర గొంతు.

షెకీనా. భుజాన సంచి, చేతిలో మూతపెట్టిన బుట్ట. చిక్కిపోయింది. కార్గో నా చేతిలోంచి జారి వెళ్లి ఆమె కాళ్లకు చుట్టుకుంది. నేను కూడా అదే చేసేవాణ్ణి, అమ్మ చూస్తోంది కాబట్టి ఆగాను.

వచ్చి గడప మీద కూర్చుని బుట్ట మూత తీసింది. పసుపుపచ్చ పిల్లి ఒకటి తల బయటపెట్టింది. దాని ఎడమరెప్ప సగానికి వాలి ఉంది.

"చెవి లోపల గడ్డ ఉండె. ఆపరేషన్ చేసి తీసినం. ఆ తొవ్వలనే పోయే నరం పాడైంది. నొప్పి లేదు, చూపు మంచిగుంది. కానీ ఒంటికన్ను పిల్లిని ఎవ్వలు తీస్కపోలే."

"ఎన్ని వారాలల్ల తగ్గుతది?" పాత అలవాటులో అడిగేశాను.

"తగ్గదు." ఆమె పిల్లి తల నిమురుతూ నా వైపు చూడలేదు. "ఆర్నెల్లు చూసిన. ఇగ తగ్గదు. బతికినన్ని రోజులు కనిపెట్టుకుని ఉండాలె. ప్రతి ఆదివారం ఫోటో తియ్యాలె. నా చదువైపోయేదాక నాకు పంపాలె."

"అయిపోయినంక?"

"అయిపోయినంక పంపుడెందుకు? ఈడనే కూసోని చూస్త."

ఫోను గడప మీద పెట్టేశాను. "నువ్వంటే నాకు పానం షెకీనా. గా రోజు గదే చెప్దామనుకున్న. చెప్పరాక అబద్ధమాడిన. ఇంకోసారి ఆడ."

"తెలుసు," అంది. "ఇరవై ఆరు ఫోటోలు చూసిన. ఎర్రగైంది కూడ పంపినవ్ కదా."

ఆమె అరచెయ్యి ఎత్తి చటుక్కున నా కళ్ల దగ్గరకు తెచ్చింది. ఈసారి కూడా రెప్ప వెయ్యలేదు.

లోపలి నుంచి అమ్మ చర్చి చీరలో వచ్చి, బైబిల్ నా ఒళ్లో పడేసి, షెకీనా పక్కన చతికిలబడింది. "అరేయ్, ఇయ్యాల ప్రార్థనకు జర ఆలస్యంగ పోదాం. దేవుడు ఏమనుకోడు. ముందుగాల ఆ ఫోటో తియ్యి."

కార్గో, పిల్లి, రెండూ ఒకేసారి నా వైపు చూసిన క్షణం పట్టుకుని తీశాను. ఫ్లాష్ లేకుండా. ఫోటో బాగా వచ్చింది. ఆ ఆదివారం దాన్ని ఎవరికీ పంపలేదు. పంపాల్సిన మనిషి నా భుజం మీద నుంచి వంగి చూస్తోంది.