ఏడో గొంతు

పొద్దున్నే గడ్డం గీసుకుంటూ సెఫెర్ శ్రుతి పడుతున్నాడు. నురగ మూతితోనే "ఏ..." అని ఒకే స్వరం. వంటింట్లో అతని భార్య జెనెపే కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి, పాలకూర పెట్టి కాల్చిన బ్యూరెక్ రొట్టెను ముక్కలు కోస్తోంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మోత ఆమె చెవులకు అలవాటైపోయింది.

అల్బేనియాలోని ఈ వ్లోరా కొండల్లో పాట ఒక్కరు పాడేది కాదు. ఒకరు ఎత్తుకుంటారు, ఒకరు అందుకుంటారు, మిగతావాళ్ళు కింద శ్రుతి పట్టి పాటను నిలబెడతారు. శ్రుతి పట్టేవాళ్ళకు సెఫెర్ పెద్ద. డిసెంబరులో రాజధాని తిరానాలో జరిగిన పోటీలో కూతురు డొనికా పాట ఎత్తుకుంటే, ఇంటివాళ్ళే ఏడుగురు వాయిద్యం అన్నది లేకుండా పాడి గెలిచారు. మే నెలలో ఐరోపా అంతా టీవీల ముందు కూర్చుని చూసే పాటల పోటీలో అల్బేనియా పాట ఇక వాళ్ళదే. అప్పటి నుంచి సెఫెర్ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. తెల్ల కుచ్చుల దుస్తులు ఇప్పటికి మూడుసార్లు ఇస్త్రీ చేయించాడు. బజారులో ఆలుగడ్డలు అమ్మే మనిషిని కూడా వదలకుండా ఆపి ఆ సంగతి చెప్పాడు.

ఆ రోజు డొనికా తిరానా నుంచి తొలి బస్సుకే వచ్చింది. తల్లి ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు.

"నాన్నా, వేదిక మీద ఆరుగురికి మించి ఉండకూడదట. ఆ పోటీ నియమం."

"ఓస్, అంతేనా! మీ చిన్నాన్న కొడుకు ఫాత్మిర్‌ని ఆపేద్దాం. వాడికి పాట కంటే నిద్ర ఇష్టం."

"ఫాత్మిర్ కాదు నాన్నా."

సెఫెర్ బ్యూరెక్ ముక్కను నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

"నీ శ్రుతి రికార్డులో వస్తుంది. మేం పాడుతుంటే వెనక వినిపిస్తుంది. అలా చెయ్యొచ్చట," అంది డొనికా, బల్ల వైపు చూస్తూ.

"ఓహో! నన్ను చేపముక్కలా డబ్బాలో పెట్టి మూతేసి తీసుకుపోతావన్నమాట! మన దేశానికి మనం ఓటెయ్యకూడదని మొన్న చెప్పావు. ఇప్పుడు ఇదొకటి. ఓటూ లేదు, నోరూ లేదు. ఇంక నేనెందుకమ్మా, టీవీ మీద దుమ్ము దులపడానికా?"

"నాన్నా..."

"సరే, వినిపించు. ఆ డబ్బాలో నా గొంతు ఎలా ఉందో చూద్దాం."

ఆమె తటపటాయించి ఫోను తీసింది. నున్నటి శ్రుతి ఒకటి వంటింటి నిండా పరుచుకుంది. సెఫెర్ కళ్ళు మూసుకుని చివరి దాకా విన్నాడు.

"ఇందులో ఊపిరి తీసుకున్న చోటే లేదు. ఇది నేను కాదు. ఎవరిది?"

"యంత్రం, నాన్నా."

అంతే, సెఫెర్ లేచి నిలబడ్డాడు. "యంత్రమా! ఒళ్ళో కూర్చోబెట్టుకుని నీకు పాట నేర్పింది ఆ యంత్రమేనా? ఏరు దాటాక తెప్ప తగలేసే రకం నా కడుపున పుట్టిందని ఇవాళే తెలిసింది!"

డొనికా పెదవి కొరుక్కుంది. కత్తిని బల్ల మీద విసిరికొట్టింది మాత్రం జెనెపే.

"చాలు! నోటికొచ్చినట్టు దాన్నంటావేం? ఒసే, డిసెంబరులో పాడిన పాట పెట్టు. మొదలూ చివరా వినిపిస్తే చాలు."

"వద్దమ్మా."

"పెట్టమన్నానా! ఇన్నాళ్ళూ నువ్వు లోపల మింగింది చాలు."

డొనికా పాట మొదలు వినిపించింది. తరవాత చివరి చరణం వినిపించింది. సెఫెర్ రెండోసారి పెట్టమన్నాడు. మూడోసారి తనే వేలితో నొక్కాడు. నలభై ఏళ్ళు శ్రుతి పట్టిన చెవి అది, దానికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పాట మొదలైన మెట్టు మీద ముగియలేదు, ఒక మెట్టు కిందికి జారిపోయి ముగిసింది.

"నేను దిగిపోయాను," అన్నాడు మెల్లగా. "ఎప్పటి నుంచి?"

"నీకు ఊపిరితిత్తుల జబ్బు చేసినప్పటి నుంచి. రెండేళ్ళయింది."

"మరి మీలో ఒక్కరి గొంతూ నాతో తేడా రాలేదేం?"

"నువ్వు దిగుతుంటే మేమూ దిగాం నాన్నా. నిన్నొక్కణ్ణీ కింద వదిలేసి పైన పాడమంటావా? అందరం కలిసి దిగితే వినేవాళ్ళకి తెలీదు. కానీ ఈసారి పాటకి వాయిద్యాలు చేర్చారు. అవి ఎవరి కోసమూ దిగవు."

సెఫెర్ కుర్చీలో కూలబడ్డాడు. ఈ రెండేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమందిని శ్రుతి చేతకాదని వెక్కిరించాడో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. వాళ్ళు ఎదురు చెప్పకుండా తలవంచుకోవడం కూడా గుర్తొచ్చింది. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పాడు," అన్నాడు. "ఆ యంత్రం వద్దు. ఒక్కదానివే పాడు."

డొనికా పాట ఎత్తుకుంది. అలవాటు కొద్దీ అతని నోరు తెరుచుకుంది. వెంటనే అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా నొక్కిపట్టాడు. పాట ఎక్కడ మొదలైందో అక్కడే ముగిసింది. అప్పటికి అతని వేళ్ళు తడిసిపోయాయి.

"దిగలేదు," అన్నాడు. "బావుంది తల్లీ. ఇక నా కోసం దిగకు."

డొనికా తండ్రి మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "మొహం మీద చెప్పలేక నియమం మీదికి నెట్టాను నాన్నా."

"నేనూ నోరు పారేసుకున్నాను కదా." అతను బీరువాలోంచి పాటకి పెట్టుకునే తన తెల్ల ఉన్ని టోపీ తెచ్చి ఆమె సంచిలో పెట్టాడు. "ఫాత్మిర్‌కివ్వు. వాడి తల చిన్నది, లోపల గుడ్డ పెట్టుకోమను."

మధ్యాహ్నం బస్సుకు బయల్దేరి డొనికా గేటు దాటింది. ఇంట్లోంచి తండ్రి గొంతు "ఏ..." అని వినిపించింది. ఎవరూ వినడం లేదనుకున్నాడు పాపం. ఆమె రోడ్డు మీదే నిలబడి తగ్గు గొంతుతో పాట ఎత్తుకుంది. ఆ శ్రుతి జారిన చోటల్లా ఆమె గొంతు కూడా దాంతోపాటే దిగింది.