నీడలో గిబోషి పాదులు

"ఇదేం టీయే పిల్లా? గిన్నెలు కడిగిన నీళ్ళు నయం! మీ అమ్మ ఇదేనా నేర్పింది?"

వంటింట్లోంచి అత్తగారి గొంతు ఖంగుమనేసరికి, నీళ్ళ డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్తున్న చిజురు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ వెనకే తోడికోడలు హొనోకా నవ్వు వినిపించింది. "రేపు మీరే పెట్టుకోండి అత్తయ్యా, నేను కూర్చుని వంకలు పెడతా," అంటోంది. అత్తగారు కినూ కూడా పకపకా నవ్వేసింది.

చిజురు డబ్బాను గుమ్మం పక్కన ఠక్కున దించింది. చివాట్లకి కూడా కుళ్ళుకునేవాళ్ళుంటారా అంటే, ఉంటారు. ఈ ఇంటికి పెద్దకోడలుగా వచ్చి ఎనిమిదేళ్ళయినా అత్తగారు ఆమెను ఒక్క మాట అనలేదు. కూర మాడినా "బాగుందమ్మా", చారు చప్పగా ఉన్నా "బాగుందమ్మా". ఇంటికొచ్చిన చుట్టాన్ని కూడా ఇంతకన్నా చనువుగా చూస్తారు. చిన్నకొడుకు ఇల్లు కట్టుకుంటున్నాడని, అది పూర్తయ్యేదాకా ఉండడానికి నెల కిందట దిగిన హొనోకా మాత్రం అప్పుడే "ఒసేయ్" అయిపోయింది. పైగా ఆ పిల్లది పై లోయలోని ఊరు. అత్తగారి పుట్టిల్లూ అక్కడే. ఇద్దరూ ఆ కొండ యాసలో మొదలెట్టారంటే, సముద్రపు ఒడ్డునుంచి వచ్చిన చిజురుకి సగం మాటలు అర్థమే కావు.

ఆమెకు మిగిలింది పెరడు. ఇంటికి ఉత్తరాన, దేవదారు చెట్ల కింద, కప్పు మీంచి జారిన మంచు అన్నిటికన్నా ఆఖరున కరిగే చోటది. కాపురానికి వచ్చినప్పుడు అక్కడ ఎవరూ పట్టించుకోనట్టున్న వెడల్పాటి ఆకుల గిబోషి దుబ్బులు కలుపులో కూరుకుపోయి ఉండేవి. వాటిని విడదీసి, పాదులు చేసి, ఆకుల ఎరువు వేసి, నత్తలను ఒక్కొక్కటే ఏరి పారేసి నిలబెట్టింది ఆమే. పుట్టింటి నుంచి తెచ్చుకున్న నీలి ఆకుల రకాన్ని మధ్యలో నాటుకుంది. ఆ ఆకుల మీద బూడిదలాంటి పొడి ఉంటుంది. వేలు తగిలితే రాలిపోతుంది, మళ్ళీ రాదు. అందుకని అటు ఎవర్నీ రానిచ్చేది కాదు.

ఆ ఉదయం నల్లమట్టిని చీల్చుకుని మొలకలు బారెడు పొద్దెక్కేలోపే చుట్టలు విప్పుకుంటున్నాయి. వాటి మీద పడిన దేవదారు పుల్లలను ఏరి, ముద్దుగా చూసుకుని, చిజురు బజారు పనుల మీద వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. భోజనాల బల్ల దగ్గర అత్తగారు ఏదో ఆకుపచ్చని కూరను కరకరా నములుతోంది. కళ్ళు మూసుకుని మరీ తింటోంది. రెప్పల కింద తడి కూడా కనిపించింది.

"ఇంకొంచెం వెయ్యవే," అంది కినూ, గిన్నె చాపుతూ.

అత్తగారు మారు అడగడం చిజురు ఏనాడూ చూడలేదు. చెప్పులు విప్పుతూనే, "ఏంటది?" అంది.

"ఉరుయి అక్కా. ఉడకబెట్టి, ఉప్పటి మీసో ముద్దలో కాస్త పులుపు వేసి కలిపా. నువ్వూ కూర్చో."

ఉరుయి పేరు చిజురుకి తెలుసు. పెళ్ళయిన కొత్తలో కొట్లో తెల్లటి కాడలు పొట్లం కట్టి అమ్ముతుంటే తెచ్చింది. "మనింట్లో అది తినరమ్మా," అని అత్తగారు మెత్తగా చెప్పి పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. తను తెస్తే తినని కూర, హొనోకా వండితే మారు వడ్డించుకుని తింటోంది! చిజురు నోటికి అడ్డు లేకపోయింది.

"కొండెక్కి కోసుకొచ్చావా? ఆకు తెలిసే కోశావా? దీనిలాగే ఉండే విషపు ఆకు తిని, పోయినేడు పక్క లోయలో ఇద్దరు ఆసుపత్రి పాలయ్యారు. పెద్దావిడకి పెట్టేముందు ఎవర్నైనా అడగద్దూ?"

ఆ మాటలో నిజమైన భయం కన్నా అక్కసే ఎక్కువని ఆమెకే తెలుసు. హొనోకా మొహం పాలిపోయింది.

"నాకు ఆకు తెలీకపోవడమేంటక్కా? అయినా కొండ మీదది కాదు. మన పెరట్లోదే."

చిజురు చెప్పుల్లేకుండానే పెరట్లోకి పరుగెత్తింది. అన్నిటికన్నా పాత దుబ్బు, తను అన్నిటికన్నా ముందు బాగుచేసినది, మట్టికి కాస్త పైన సాఫీగా కోసేసి ఉంది. పక్కనే కత్తి పడి ఉంది.

"నా గిబోషిని కోసి కూర వండుతావా?" అని అరిచింది, వెనకే వచ్చిన హొనోకా మీద. "ఈ ఇంట్లో అందరూ నీవాళ్ళే కదా! అత్తయ్య నీ మనిషి, నవ్వులు నీవి, ఆఖరికి ఈ నాలుగు మొక్కలు కూడా నాకు మిగల్చవా?"

హొనోకాకి ఏడుపొచ్చేసింది. "ఇది ఉరుయి కదక్కా! మా ఊళ్ళో కూరకే పెంచుతారు."

"ఇది గిబోషి!"

"రెండూ ఒకటే కదక్కా! పెరట్లో ఉంటే గిబోషి అంటారు, వంటింట్లోకొస్తే ఉరుయి. నీకు తెలుసనుకున్నా."

చిజురు కోసేసిన మొదళ్ళను ఒకసారి చూసింది. మెల్లగా అత్తగారి వైపు తిరిగింది. కినూ గుమ్మం పట్టుకుని, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా నిలబడి ఉంది.

"మీకు తెలుసా?"

"తెలియకేం? నాకిష్టమని మీ మావయ్య నాటినవే అవి." కినూ మెట్టు మీద కూర్చుంది. "నువ్వొచ్చిన మొదటి వసంతంలో కత్తి పట్టుకుని కోద్దామని ఇటొచ్చా. నువ్విక్కడ గొంతుక్కూర్చుని ఏడుస్తున్నావు. 'మా నాన్న కుండీల్లో కూడా ఇలాగే మొలుస్తాయి' అని మొలకలతో చెప్పుకుంటున్నావు. ఇంకేం కోస్తాను? కత్తి వెనక్కి దాచుకుని లోపలికెళ్ళిపోయా."

"మరి కొట్లోంచి తెస్తే..."

"దాన్ని వండితే ఎప్పుడో ఒకప్పుడు నీకు తెలిసిపోతుందిగా. నువ్వు అంత ప్రాణంగా పెంచేదాన్ని మేం నమిలేస్తామని తెలిస్తే, నీకు ఈ ఇంట్లో ఇంకేం మిగులుతుందని నోరు కట్టేసుకున్నా. ఇవాళ నేను చూసేసరికే ఇది వండేసింది. పళ్ళెంలో కనిపించాక ఆగలేకపోయానమ్మా. నువ్వొచ్చేలోపు దొంగతనంగా తినేద్దామనుకున్నా."

చిజురు మట్టిలోనే కూలబడింది. ప్రతి వసంతం ఈ మొలకలను చూసి మురిసిపోతుంటే, అత్తగారు గుమ్మంలో నిలబడి "బాగున్నాయమ్మా" అనేది. ఆ మాట వెనక ఇష్టమైన ముద్ద మీది కోరికను మింగేసుకుందని ఆనాడు తెలియలేదు. తను ప్రేమ లేదనుకున్న చోట ఎంత ప్రేమ దాగి ఉందో తెలిసి, సిగ్గుతో, దుఃఖంతో వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, హొనోకా వైపు చెయ్యి చాపింది.

"కత్తి ఇలా ఇవ్వు. ఎక్కడ కొయ్యాలో చూపించు."

"మట్టికి వేలెడు పైన అక్కా. దుంప తెగకుండా చూడు, మళ్ళీ చిగురేస్తుంది. ఇంద, నేను కోసింది కూడా చచ్చిపోదు."

"ఇందాక అన్న మాటలు మనసులో పెట్టుకోకు."

"పెట్టుకుంటా," అంది హొనోకా ముక్కు చీదుతూ. "ఇల్లు కట్టుకున్నాక ఇందులోంచి ఒక పిలక ఇస్తే అప్పుడు మర్చిపోతా."

చిజురుకి ఏడుపులోనే నవ్వొచ్చింది. నీలి ఆకుల మొక్క జోలికి వెళ్ళకుండా, పక్క దుబ్బులోంచి గుప్పెడు మొలకలు తనే కోసింది.

ఆ సాయంత్రం ఉరుయి ఆమే వండింది. గిన్నె ముందు పెట్టి, పక్కనే నిలబడింది. కినూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. అలవాటుగా "బాగుంద..." అనబోయి, ఆగింది. కోడలి మొహంలోకి చూసింది.

"ఒసేయ్, మీసో ఇంత కుమ్మరిస్తారటే ఎవరైనా? నోరంతా ఉప్పగా అయిపోయింది! నీకెవరే వంట నేర్పింది?"

చిజురు రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇంకొంచెం వేసుకుంటారా అత్తయ్యా?" అంది.

"వెయ్యవే మరి, చూస్తావేం?" అంది కినూ, గిన్నె చాపుతూ.