మబ్బు పోదని చెప్పిన రోజు

"మబ్బెప్పుడు పోతుందో చెప్పడం కూడా ఒక ఉద్యోగమేనా?"

మంజులత మొదటిరోజే అడిగిన మాట ఇది. జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే ఒక బంగళా తోట. యూనిట్ అంతా చేతులు కట్టుకుని ఎండ కోసం కాచుకుని ఉంటే, కెమెరా పక్కన ఒకతను మాత్రం మెడలో వేలాడే, ఎండని చూసే నల్లద్దాన్ని కంటికి పెట్టుకుని తీరిగ్గా ఆకాశం చూస్తున్నాడు. చూసేవాళ్లకి ఒళ్లు మండకుండా ఎలా ఉంటుంది?

"మీరు హీరోయిన్ గాజులు లెక్కపెడ్తరు. నేను మబ్బులు లెక్కపెడ్త. ఎవరి పని వాళ్లది మేడం," అన్నాడతను, అద్దం దించకుండానే.

మంజులత ముఖం కందిపోయింది. నిన్న తీసిన షాట్‌లో గాజులు ఏ చేతికి ఉన్నాయో, పమిట ఏ భుజం మీద ఉందో గుర్తుపెట్టుకుని ఇవాళా అలాగే ఉండేలా చూడటం ఆమె పని. కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్. దాన్ని గాజుల లెక్క అంటాడా ఈ మనిషి?

ఏదో అనబోయేలోగా అతను వెనక్కి తిరిగి, "రెడీ పెట్టుకోండి సార్, వస్తున్నది," అని కేకేశాడు. తెల్లటి ఎండ తోటంతా పరుచుకుంది. మంజులత నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

అతని పేరు వేంకటరమణ. షేక్‌పేట కుర్రాడు. కెమెరామన్ సుబ్బరామయ్యగారి దగ్గర అసిస్టెంటు. సుబ్బరామయ్యగారు టీవీ వార్తల చివర చెప్పే వాతావరణాన్ని నమ్మేవారు కాదుగానీ, రమణ మాటంటే ఆయనకి రాతిమీద గీత. రమణ పోతుందంటే ఆ మబ్బు పోవాల్సిందే. పోదంటే ప్యాకప్, ఆ రోజుకి పని ముగిసినట్టే.

యూనిట్లో ఒక సంగతుంది. పొద్దున్నుంచి ఎండలో మాడే జనానికి ప్యాకప్ అన్నంత తియ్యటి మాట ఇంకోటి లేదు. లైట్‌బాయ్‌లు బోరబండలో ఇళ్లకు పోయి కాళ్లు చాపుకోవచ్చు. మేకప్‌మేన్ మధ్యాహ్నం ఆటకి వెళ్లొచ్చు. అందుకే శ్రావణమాసం వస్తే చాలు, అందరూ రమణ చుట్టూ చేరి, "అన్నా, వానొస్తదా?" అని అడిగేవాళ్లు. అక్కడ వాతావరణం అడిగారంటే సెలవు అడిగినట్టే.

మంజులత కూడా అడగడం మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం పనయ్యాక, పోట్లాటలన్నీ పక్కనపెట్టి, అతని దగ్గరికి వచ్చి నిలబడేది.

"రేపెలా ఉంటుందండీ?"

"మీకెట్లుండాలె?"

"నాకోసం ఎలా కావాలంటే అలా ఉంటుందా?"

"జర ప్రయత్నం చేస్త."

ఆమె నవ్వేది. ఆ నవ్వు షేక్‌పేట దాకా రమణకి తోడొచ్చేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని తనలో తను నవ్వుకుంటుంటే వాళ్లమ్మ సుబ్బులు, "ఆకాశం చూసి చూసి పిల్లగానికి ఎండదెబ్బ తగిలింది," అని దిష్టి తీసింది.

ఒక గురువారం సాయంత్రం మాత్రం ఆమె నవ్వలేదు.

"రేపు మధ్యాహ్నం ఎలా ఉంటుంది? సరదాకి కాదండీ, నిజంగా చెప్పండి."

"ఎందుకు, అంత అవసరం పడ్డదా?"

"పడింది."

"అయితే డైరెక్టర్ గారిని సెలవడగరాదా?"

"సెలవా?" అంటూ ఆమె అదోలా చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీకేం తెలీదు," అని వెళ్లిపోయింది.

రమణకి నిద్రపట్టలేదు. పాపం, అభిమానం గల పిల్ల, నోరు తెరిచి సెలవడగలేకపోతోంది, అనుకున్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

శుక్రవారం భోజనాలయ్యేసరికి మూడు దాటింది. హీరోయిన్ మీద ఒకే ఒక్క షాట్ మిగిలింది. అది కూడా మంచి ఎండలో తీయాలి. సరిగ్గా అప్పుడే సూర్యుడికి ఒక మబ్బు అడ్డం వచ్చింది. అద్దంలోంచి చూడగానే రమణకి అర్థమైంది. అది వట్టి తేలిక మబ్బు, టీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా పోతుంది.

"ఏం రమణా?" అన్నారు సుబ్బరామయ్యగారు.

రమణ మంజులత వైపు చూశాడు. ఆమె ఊపిరి బిగబట్టి తనవైపే చూస్తోంది.

"ఇయ్యాల పోదు సార్," అన్నాడు. ఇన్నేళ్ల పనిలో అతనాడిన మొదటి అబద్ధమది.

"ప్యాకప్," అన్నారు సుబ్బరామయ్యగారు. లైట్‌బాయ్‌లు ఈలలు వేశారు.

రమణ గర్వంగా మంజులత దగ్గరికి నడిచాడు. "పోయిరండి మేడం. మీ పని చూస్కోండి."

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నాలుగింటికి పెళ్లిచూపులకొస్తున్నారండీ."

"ఎవరికి?"

"నాకు. షూటింగ్ ఉంటే పనికి వెళ్లు, ప్యాకప్ అయితే మాత్రం పెళ్లిచూపులకి కూర్చోవాల్సిందేనని మా నాన్నగారు మాట తీసుకున్నారు. ఎండ పుణ్యమా అని ఇద్దర్ని తప్పించుకున్నాను. రోజూ నేను మిమ్మల్ని అడిగింది దేనికనుకున్నారు? ఎండ కోసం."

రమణ కాళ్లకింద భూమి కదిలింది. యూనిట్ మొత్తంలో ఎండ కావాలని కోరుకునే మనిషి ఒకరుంటారని అతను కలలో కూడా అనుకోలేదు.

"ప్యాకప్ అయిందని ఇంట్ల చెప్పకుంటే?"

"శ్రీనగర్ కాలనీలో ఇంటికొకరు సినిమావాళ్లున్నారు, నేను వెళ్లేలోపే తెలిసిపోతుంది. అయినా మా నాన్నతో అబద్ధం చెప్పలేను." ఒక్క క్షణం ఆగింది. "పెళ్లంటే ఇష్టం లేక కాదు రమణగారూ. మీకు పైకి చూడటమే గానీ పక్కకి చూడటం రాదు."

ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఆటో గేటు దాటిందో లేదో, మబ్బు తొలగి తోటంతా ఎండ కాసింది.

అందరూ ఆకాశం వైపు చూశారు. తర్వాత రమణ వైపు చూశారు.

రమణ తిన్నగా సుబ్బరామయ్యగారి ముందుకెళ్లి నిలబడ్డాడు. "అబద్ధం చెప్పిన సార్. పోతదని తెల్సు. ఆమెకి సెలవు కావాలనుకుని పోదన్న."

సుబ్బరామయ్యగారు కుర్చీలో కూలబడ్డారు. చెంపదెబ్బ కొడితే బాగుండును, కొట్టలేదు. "నీ కళ్లని నా కళ్లనుకున్నానురా," అన్నారు. "హీరోయిన్ ఇంకా మేకప్ తీయలేదు. వెళ్లి ఆ కంటిన్యుటీ అమ్మాయిని తీసుకురా. ఎండ ఉండగా తెస్తే నీకు రేపు ఇక్కడ పని ఉంటుంది."

మంజులత ఇల్లు తెలిసిన యూనిట్ డ్రైవర్ జంగయ్య వ్యాన్ తీశాడు. దారిలో ట్రాఫిక్ అరగంట మింగింది.

శ్రీనగర్ కాలనీలో ఆ ఇంటి హాలు నిండా జనం. పట్టుచీర కట్టుకుని, కాఫీల ట్రే పట్టుకుని మంజులత వస్తోంది. చెమటలు కక్కుతూ, మెడలో నల్లద్దంతో రమణ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఏం చెప్పాలో తోచక తోచిందే చెప్పాడు.

"ఎండొచ్చిందండీ."

హాలంతా గుమ్మం వైపు తిరిగింది.

"మాకూ కనపడుతోంది," అన్నారు ఆమె తండ్రి సూర్యనారాయణగారు. "నువ్వెవరు బాబూ?"

"కెమెరా అసిస్టెంట్‌నండీ. మబ్బు పోదని నేనే చెప్పిన. అది అబద్ధం. మేడం గారికి సెలవు కావాలనుకున్న. షూటింగ్ ఉంది, పంపించండి."

"అంటే మా అమ్మాయి కోసం అబద్ధమాడావు. మళ్లీ నువ్వే ఒప్పుకున్నావు. ఉద్యోగం ఉందా, పోయిందా?"

"ఎండ ఉండంగ మేడం వస్తే ఉంటదండీ."

వెనకనుంచి మంజులత తల్లి శారదాదేవి గొంతు వినపడింది. "రోజూ వాతావరణం చెప్పే రమణగారు ఈయనేనా అమ్మలూ? టీవీలో ఏం చెప్పినా, కాదమ్మా, రమణగారు ఇలా అన్నారు అంటుంటావే?"

ఈసారి నోరు తెరవడం రమణ వంతయింది. మంజులత తలెత్తలేదు. చెవులదాకా ఎర్రబడింది. సూర్యనారాయణగారు కూతుర్నీ, ఆ కుర్రాణ్ణీ మార్చి మార్చి చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

వచ్చిన పెళ్లికొడుకు తల్లి గొంతు సవరించుకుంది. "పెళ్లయ్యాక కూడా ఎండొస్తే ఇలాగే వెళ్లిపోతావా అమ్మా?"

"వెళ్తానండీ," అంది మంజులత. ట్రే బల్లమీద పెట్టింది. "నాన్నా, షూటింగ్ ఉంటే వెళ్లొచ్చన్నారు."

సూర్యనారాయణగారు మాట తప్పే మనిషి కాదు. అదే ఆ క్షణంలో ఆయన కష్టం. వచ్చినవాళ్లు లేచారు. కాఫీ అయినా తాగకుండానే లేచారు. ఆయన గేటుదాకా వెళ్లి, చేతులు జోడించి క్షమించమని అడిగి, తిరిగొచ్చి రమణ ముందు నిలబడ్డారు.

"ఆదివారం మీకు షూటింగ్ ఉందా?"

"లేదండీ. సెలవు."

"అయితే మీ అమ్మానాన్నల్ని తీసుకురా. మాట్లాడాలి." లోపలికి వెళ్లబోతూ వెనక్కి తిరిగారు. "వానొచ్చింది, రాలేకపోయాననకు."

వ్యాన్ కదిలాక కూడా రమణకి తేరుకోవడం చాతకాలేదు. పట్టుచీరలో మంజులత పక్కనే కూర్చుంది.

"ఎందుకు చేశారా పని?"

"మీ కండ్లల్ల నీళ్లు చూసిన. తట్టుకోలేకపోయిన."

"మరి ఆ నీళ్లు ఎవరికోసమో అప్పుడు తెలీలేదా?"

"ఇప్పుడు తెల్సింది," అన్నాడు. ఆమె చెయ్యి అతని చేతి పక్కన ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఫిల్మ్‌నగర్ మలుపు దాకా ధైర్యం కూడగట్టుకున్నాడు.

తోటలో అంతా సిద్ధంగా ఉంది. మంజులత పరుగెత్తుకెళ్లి హీరోయిన్ గాజులు సరిచేసింది. షాట్ ఒక్క టేక్‌లో ఓకే అయింది. సుబ్బరామయ్యగారు, "రేపు తొందరగా రా," అన్నారు రమణతో, ముఖం ముడుచుకునే.

ఆ మాట అన్నారో లేదో, ఫెళ్లున వాన. గొడుగుల్లేవు, టార్పాలిన్ల కోసం పరుగులు. కెమెరా మీద తన చొక్కా విప్పి కప్పారు సుబ్బరామయ్యగారు.

"ఇంత వాన వస్తుంటే చెప్పలేదేంరా?" అని అరిచారు.

రమణ తడిసి ముద్దయి, మెడలో అద్దం వైపు అప్పుడే చూసినట్టు చూసుకున్నాడు. షాట్ నడుస్తున్నంతసేపూ అది కంటి దగ్గరికి పోనేలేదు.

"నేను పైకి చూడలేదు సార్," అన్నాడు.

పక్కన మంజులత, పట్టుచీర కొంగు తలమీద కప్పుకుని, నవ్వుతోంది.