గింజ అడిగిన మాట

ఏరువపాలెంలో ఇప్పుడు కోడికన్నా ముందు గింజలు లేస్తున్నాయి. ఎడమ జబ్బలో, చర్మం కింద, జొన్నగింజంత యంత్రం. కాగితాల మీద దాని పేరు రక్తకావలి. తెల్లారేసరికి ఒంట్లో నెత్తురు ఓసారి రుచి చూసి, చెవి వెనక అంటించిన బిళ్లలోంచి ఆ మనిషికి మాత్రమే వినపడేలా "కులాసా, లేవండి" అంటుంది. ఊళ్లో పలకరింపులు కూడా మారిపోయాయి. "ఒంట్లో బాగుందా?" అని అడిగేవాళ్లు లేరు. "గింజేమంది?" అంటున్నారు.

ఆ గింజను పుట్టించిన డాక్టర్ శ్రీనిజ ఆ ఊరి ఆడపడుచే. ఏటా మిరప కల్లాల రోజుల్లో అన్న జస్వంత్ దగ్గరికొచ్చి వారం రోజులుండటం ఆమెకు అలవాటు. ఈ ఏడూ వచ్చింది.

పేగులకు నెత్తురు తెచ్చే నాళం పూడితే, కాలవకు అడ్డం పడ్డప్పుడు చివరి చేను ఎండినట్టే పేగు ఎండుతుంది. పైకి తెలియదు. పొట్ట నొక్కితే మెత్తగానే ఉంటుంది. స్కానింగుకు తీసుకుపోయేసరికి లోపల నల్లబడిపోయి ఉంటుంది. అయితే చచ్చేముందు పేగుగోడ ఊరుకోదు. తనలోని ప్రొటీన్లను కొన్నింటిని రక్తంలోకి వదులుతుంది. ఈ బయోమార్కర్లకు శ్రీనిజ రక్తపు ఆనవాళ్లని పేరు పెట్టింది. గింజ రాత్రీపగలూ కాచి పట్టేది వాటినే.

వాళ్లమ్మ ఆ జబ్బుతోనే పోయింది. కల్లంలో కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే, "కాయలు ఏరే రోజే వస్తది దీనికి నొప్పి" అన్నాడు నాన్న. ఊరి వైద్యుడు పొట్ట నొక్కి చూసి గ్యాసన్నాడు. పసిపిల్ల శ్రీనిజ అమ్మ చెయ్యి పట్టుకుని కూచుంది. మీసాలు రాని జస్వంత్ నాన్నకు జడిసి కాయలు తిరగేస్తూనే ఉన్నాడు. పొద్దుగూకేసరికి అమ్మ లేదు. ఆ తర్వాత జస్వంత్ నోట 'నొప్పి' అన్న మాట ఎవరూ వినలేదు. తేలు కుట్టినా "చిటుక్కుమంది" అనేవాడంతే.

గింజ వచ్చిన కొత్తలో ఒక చిక్కొచ్చిపడింది. అది నొప్పికన్నా ముందే చెప్పేది. ఏ బాధా లేని మనిషిని ఆసుపత్రికి పొమ్మంటే ఎవరు పోతారు? పోయినవాళ్లను డాక్టర్లు కసిరారు. "గింజకే అజీర్తి చేసినట్టుంది" అని జనం నవ్వారు. కొందరు పీకించేసుకున్నారు. అధికారుల పోరు పడలేక శ్రీనిజ గింజకు ఒక మాట నేర్పింది. ఆనవాళ్లు కనిపించగానే "నొప్పి ఉందా?" అని అడగాలి. ఉందంటే అంబులెన్సును పిలవాలి. లేదంటే ఎవరికీ చెప్పకుండా ఆగి, సాయంత్రం మళ్లీ చూడాలి. అప్పట్నించీ ఎవరూ గింజను పీకించుకోలేదు.

ఆ రోజు కల్లం నిండా కాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. పడమట మబ్బు లేస్తోంది. వదిన మేఘన అన్నం తెచ్చింది. జస్వంత్ నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేశాడు.

"అదేంది అన్నయ్యా, సగం వదిలేశావ్?"

"నెల నుంచీ ఇదే వరస," అంది మేఘన. "నా వంట చేదైపోయింది మీ అన్నకి. ముద్ద చూస్తే మొహం ముడుచుకుంటాడు."

"ముప్పై ఏళ్లు తిన్నా గదే, ఇంకా ఏం పరీక్షలు పెడతావ్!" అంటూ లేవబోయి జస్వంత్ ఆగాడు. తల ఒక పక్కకు వంచి, ఏదో విన్నట్టుగా క్షణం నిలబడ్డాడు. "లేదు," అన్నాడు.

"ఎవరితో?" అంది శ్రీనిజ.

"మబ్బుతో. ఇయ్యాళ వానలేదు, పొమ్మంటన్నా. నువ్వు కాయల మీద కప్పే ఆ పట్ట అంచు పట్టుకో అమ్మాయ్, తాలుకాయలు తర్వాత ఏరుకుందాం."

శ్రీనిజ నవ్వి పట్ట అంచు పట్టుకుంది.

సాయంత్రం కాకముందే, చివరి కుప్ప మీద పట్ట కప్పి, రాయి పెట్టి, ఆ రాయి మీదే ఒరిగిపోయాడు జస్వంత్. గుంటూరు తీసుకుపోయారు. పొట్ట కోసిన సర్జన్ కాసేపు చూసి, మళ్లీ కుట్టేశాడు. మిగిల్చేందుకు పేగు లేదు.

శవం ఇంటికొచ్చాక, మేఘన ఏడుపు వినలేక శ్రీనిజ ఒక్కతే కల్లానికి పోయింది. అన్న చెవి బిళ్లను తన చెవి వెనక అంటించుకుంది.

"ఆనవాళ్లు ఎప్పుడు కనిపించాయి నీకు?"

"అన్నం తింటున్నప్పుడు," అంది గింజ. దాని గొంతులో తొందర లేదు.

"చెప్పలేదేం?"

"నొప్పి ఉందా అని అడిగాను. లేదన్నారు. ఆగాను."

"అబద్ధం చెప్పాడే! తింటే నొప్పని నెల్లాళ్ల నించీ ముద్ద వదిలేస్తున్నాడు అన్నయ్య! నెత్తురు ఒకటి చెబుతుంటే నోటి మాట నమ్ముతావా?"

"నోటి మాటే నమ్మమన్నారు మీరు."

"అప్పుడు పక్కన ఎవరూ లేరా, అన్నయ్య మొహం చూసేవాళ్లు?"

"మీరున్నారు."

శ్రీనిజ పట్ట ఎత్తి చూసింది. వాన వచ్చి వెలిసినా కాయల మీద ఒక్క చుక్క పడలేదు. అన్న అంత జాగ్రత్తగా కప్పాడు. ఆమె పట్ట మళ్లీ కప్పి, అన్న పెట్టిన రాయినే దాని మీద పెట్టింది.

అమ్మ నొప్పి అంటే ఒక్కరూ నమ్మలేదు. అన్న లేదంటే, అందరూ నమ్మారు.