మొరాయించిన కోతబండి

మధ్యాహ్నానికే గడ్డి మోకాళ్ళు దాటింది. తవిటమ్మ కోతబండి ఎక్కి మీట నొక్కింది. బండి ఉలకలేదు. దిగి చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ ఎక్కి నొక్కింది. పలకలేదు.

ఆ కాలంలో సవరపాలేనికి కరెంటు స్తంభాలు లేవు. ఊరి చుట్టూ వెలుగుపచ్చ అనే గడ్డి ఉండేది. ఆ గడ్డి వేళ్ళే ఇళ్ళలో దీపాలు వెలిగించేవి. రోజూ కోస్తేనే వెలుగు. కొయ్యకపోతే ముదిరి ఊరంతా చీకటి. అది పెరిగే తీరు చెబితే నమ్మరు గాని, ఒకాయన దాని మీద చాప వేసుకుని కునుకు తీసి, లేచేసరికి చాపతో సహా ఇంటికప్పు ఎత్తున ఉన్నాడు. నిచ్చెన వేసి దింపారు.

పొద్దు కుంకేలోగా కాలవగట్టు కోత పూర్తి కాకపోతే, ఊరి కోతలు చూసే పచ్చసంఘం వాళ్ళు బండిని వేరొకరికి అప్పగిస్తారు. అంతకంటే తవిటమ్మను కాల్చేది మరొకటి. ఆమె మొగుడు అప్పలసూరి నిండు సంఘంలో నిలబడి, "బండి నడిపీది నాను. మా ఆడది పక్కన బొమ్మలాగ కూకుంటాది" అన్నాడు. ఆ సాయంత్రమే అతని తలగడ వీధిలో పడింది. అతను తమ్ముడింటికి చేరాడు. అప్పటినుంచి బండి ఒక పూట కదులుతుంది, ఒక పూట కదలదు. కదలని ప్రతి పూటా మొగుడి మాటే నిజమని ఊరు నవ్వుతోంది.

బండ్ల వైద్యుడు సన్నిబాబు ఇంజను ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బేటరీ బావుంది వొదినా. తీగల మొనలు గీకీసినాను. బ్రేకు తొక్కే నొక్కినావా?"

"తొక్కకుండా ఎవులైనా నొక్కుతారేటి? నాకే నేర్పుతన్నావా?"

"కోపం నా మీద కాదులే. ఎవులి మీదో నాకు తెలుసు."

"స్పానరట్టుకుని బుర్ర వొంచు."

అతను బుర్ర వంచాడు. స్టార్టరు దాకా కరెంటే రావడం లేదు. ఇక మిగిలింది ఆసనగుర్తు. తాళంచెవులు పోయి చాలాకాలమైంది. ప్రతి బండి సీటూ తొలిసారి కూర్చున్నవారి బరువును గుర్తుపెట్టుకునేది. ఇంచుమించు ఆ బరువు పడితేనే ఇంజను తిరుగుతుంది. ఇది వచ్చాక దొంగలంతా పని లేక భజన మండళ్ళలో చేరారు.

"కదిలిన రోజుల్లో సీటు మీద ఎవులున్నారు?" అడిగాడు సన్నిబాబు.

"నానే. నిన్న పక్కన తవుడు బస్తా ఎట్టినాను. మొన్న మా ఆడపడుచుని దింపడానికెల్లినాను."

"కదలనప్పుడో?"

"నానొక్కర్తినే." అని, తన మాట తనకే వినిపించినట్టు ఆగింది.

"బండొచ్చిన నాడు, ముహూర్తానికి?"

"పంతులుగారు దంపతులిద్దర్నీ కలిపి కూకోబెట్టినారు. నిమ్మకాయలు తొక్కించి..."

సీటు తయారుచేసిన మహానగరపు మేధావులు ఎండనూ వాననూ దొంగలనూ లెక్కలోకి తీసుకున్నారు. పూజలో ఆలుమగలు జంటగా కూర్చుంటారని వాళ్ళకెవరూ చెప్పలేదు. సీటు ఇద్దరినీ కలిపి ఒక్క మనిషనుకుంది. అప్పలసూరి రోజూ గడ్డి లాగే పళ్ళకర్ర పట్టుకుని పక్కన కూర్చునేవాడు గనక ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

"చెరిపీ," అంది తవిటమ్మ.

"చెరపాలంటే అచ్చం ఆ బరువే పడాల. ఇద్దరూ ఇంకోసారి కూకోవాల."

కల్వర్టు మీద చుట్ట కాలుస్తున్న అప్పలసూరి, పిలవగానే రాకూడదని కాసేపు ఆగి, వచ్చాడు.

"నాను నేకపోతే కదల్నేదన్నమాట!"

"ఏదీ, ఒక్కడివే కూకో అన్నా, సూద్దాం," అన్నాడు సన్నిబాబు.

అప్పలసూరి మీసం దువ్వి ఎక్కి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. బండి రాయిలా ఉంది. తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమె కూడా ఎక్కి, మొహం అటు తిప్పుకుని నొక్కింది. మొదటి నొక్కుకే ఇంజను గర్జించింది. ఇద్దరూ చెరొక వైపు చూస్తూ కూర్చున్నారు.

సన్నిబాబు సీటు కింద చెయ్యి పెట్టి గుర్తు చెరిపేశాడు. ఇద్దరూ దిగారు. తవిటమ్మ ఒక్కర్తే ఎక్కింది. బండి స్టార్టయింది.

"సూసినావా, నడిపీది ఎవులో!"

అప్పలసూరి అలవాటుగా పళ్ళకర్ర అందుకుని, బండి మెట్టు మీద కాలు పెట్టబోయి, తీసేశాడు.

"మరింక నానెక్కడ కూకోను?" అన్నాడు. అందులో ఎగతాళి లేదు.

పొద్దు తాటితోపు మీదికి వాలింది. గట్టు పొడవునా గడ్డి నడుము ఎత్తున ఊగుతోంది. తవిటమ్మ తల తిప్పకుండానే మూడో గేరు వెయ్యవలసిన చోట ఒకటో గేరు వేసింది. పక్కన నడిచే మనిషి వెనకబడనంత మెల్లగా బండి కదిలింది.

ఆ నడకన కోత చీకటి పడేలోగా పూర్తికాదని ఆమెకు తెలుసు.